దొరసానిగారి ముందు 'ఆయ్' అన్న పాపానికి

ఒక్క మాట వల్ల పెళ్లి పెటాకులు కాబోయిన మనిషిని మీరెప్పుడైనా చూశారా? చూడకపోతే నన్ను చూడండి. ఆ మాట తిట్టూ కాదు, అబద్ధమూ కాదు. కోనసీమలో పుట్టినవాడు ఉగ్గుపాలతో పాటు నేర్చుకుని, తెల్లారిన దగ్గర్నుంచి పొద్దుగూకేదాకా అంటూనే ఉండే మాట. మీరు చెప్పింది విన్నామనీ, ఒప్పుకున్నామనీ, మీరు పెద్దవారనీ, మేం మర్యాద తెలిసినవాళ్లమనీ ఒక్క ముక్కలో చెప్పేసే మాట. అంత అమాయకపు మాట నా పెళ్లినీ, మా నాన్నగారి పౌరోహిత్యాన్నీ కలిపి ఏట్లో ముంచబోయింది. ఎలాగో చెబుతాను. నవ్వదలుచుకున్నవాళ్లు ఇప్పటినుంచే నవ్వడం మొదలుపెట్టవచ్చు, నేనేమీ అనుకోను.

ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయి, మా సీమలో ఎటు చూసినా కాలవలు తవ్వుతున్న రోజులవి. మాది అమలాపురానికి దగ్గర్లో ఏటి ఒడ్డున ఒక అగ్రహారం. నాన్నగారు చుట్టుపక్కల ఊళ్లకి పురోహితులు. నేను వేదం కొంత, కావ్యాలు కొంత చదివి, రెండూ సగం సగమే వచ్చినా రెండూ పూర్తిగా వచ్చినవాడి నడక నడిచేవాణ్ణి. పిలక మాత్రం మహాపండితుడిదే. రాజోలు వైపు ఒక మంచి ఇంటి సంబంధం కుదిరింది. వైశాఖంలో ముహూర్తం పెట్టుకున్నారు.

ఏటికి అవతలి గట్టున ఒక పాత బంగళాలో జర్మనీ పాదిరిగారొకరు వచ్చి దిగారు. ఆయన తెలుగంతా పుస్తకాల్లో నేర్చుకున్నది. మాట్లాడుతుంటే ఎవరో తాళపత్రం విప్పి చదువుతున్నట్టుండేది. ఒకనాడు ఆయనే రేవులో నన్ను పట్టుకున్నారు.

"అయ్యా, నా భార్య తెలుగును ఎరుగదు. ఆంగ్లమును సైతము ఎరుగదు. నేను గ్రామములకు పోయినప్పుడు ఆమెతో సంభాషించువారు లేరు. మీరు ఆమెకు తెలుగు నేర్పవలెను."

"నేను చెప్పేది ఆవిడకి ఎలా తెలుస్తుందండి?"

"ఆమె మీకు జర్మను నేర్పును."

దొరలందరిదీ ఒకటే భాష అని అప్పటిదాకా నా నమ్మకం. వాళ్లలో కూడా ఒకరి మాట ఒకరికి తెలియనివాళ్లుంటారని ఆ రోజే విన్నాను. నిజం చెప్పాలంటే నాకు గర్వం నెత్తికెక్కింది. ఇంగ్లీషు ముక్కలు అమలాపురంలో కచేరీ గుమాస్తాలు కూడా మాట్లాడతారు. జర్మను అయితే రెండు గోదావరుల మధ్యా నేనొక్కణ్ణే. నాన్నగారు కాస్త ఆలోచించి, "అరుగు దాటి లోపలికి వెళ్లకు. పచ్చి మంచినీళ్లయినా ముట్టకు. వచ్చేక ఏట్లో స్నానం చేసి ఇంట్లోకి రా" అని మూడు షరతులు పెట్టి పంపించారు.

మొదటి రోజు దర్భాసనం చుట్ట చుట్టి చంకలో పెట్టుకుని వెళ్లాను. చదువు మొదలుపెట్టేటప్పుడు ఆసనం ఉండాలి కదా. దాన్ని అమ్మకానికి తెచ్చానేమోనని దొరసానిగారు ధర అడగబోయారని తర్వాతెప్పుడో తెలిసింది. ఆవిడ సన్నగా, ముఖం నిండా చిన్న చిన్న మచ్చలతో ఉండేవారు. ఎటు వెళ్లినా వెనక కోళ్లు వెళ్లేవి. ఆవిడ పెంచుకుంటున్న కోళ్లవి. పాదిరిగారు ఊళ్లో లేనప్పుడు ఆవిడ జర్మను వినేవి ఆ కోళ్లే.

ఇక నేను చదువుకున్న పద్ధతి గురించి ఒక మాట చెప్పాలి. వేదం చదువుకునే చోట దాన్ని సంత అంటారు. గురువుగారు ఒకసారి అంటే శిష్యుడు అదే స్వరంతో రెండుసార్లు అనాలి. అర్థం అడగకూడదు. స్వరం తప్పితే చెవి మెలిపెడతారు. నా ఎడమ చెవి కుడి చెవికన్నా కాస్త పొడుగ్గా ఉండడానికి కారణం అదేనని మా అమ్మ అంటుండేది. నాకు చదువంటే అదే. కాబట్టి దర్భాసనం మీద కూర్చుని, చెవులు రిక్కించుకుని సిద్ధంగా ఉన్నాను.

దొరసానిగారు నా అవస్థ చూసి నవ్వి, చెయ్యి మెల్లగా కిందికి దించుతూ, "లాంగ్‌జామ్" అన్నారు.

ఇది వాళ్ల ప్రార్థనశ్లోకం అయి ఉంటుందని, "లాంగ్‌జామ్ లాంగ్‌జామ్" అని గబగబా అప్పజెప్పాను.

"నైన్, నైన్. లాంగ్‌జామ్."

"నైన్నైన్ లాంగ్‌జామ్, నైన్నైన్ లాంగ్‌జామ్."

నైన్ అంటే 'కాదు' అనీ, ఆ లాంగ్‌జామ్‌కి 'నిదానంగా' అని అర్థమనీ తెలిసేసరికి కొన్నాళ్లు పట్టింది. అప్పటిదాకా ప్రతి పాఠానికి ముందూ దాన్ని నేను గుర్రం పరిగెత్తినట్టు చదివేవాణ్ణి. ఆవిడ ఓపికగా వినేవారు.

ఆ మొదటి రోజే, ప్రార్థన అయ్యాక, ఆవిడ నా మొహంలోకి చూస్తూ ఒక పొడుగాటి వాక్యం ఏదో చెప్పారు. సంత చెప్పుకుందామంటే సగంలోనే తోక దొరక్కుండా పోయింది. అర్థం కానప్పుడు మర్యాదస్థుడైన కోనసీమవాడు ఏం చేస్తాడు? నేనూ అదే చేశాను.

"ఆయ్" అన్నాను.

దొరసానిగారు ఆగిపోయారు. కనుబొమలు పైకెత్తి, "ఆయ్?" అన్నారు.

నాకు ఒళ్లు పులకరించింది. చూశారా, ఇంకా పాఠమే మొదలవలేదు, మా గోదావరి మర్యాద అప్పుడే పట్టుబడిపోయింది అనుకున్నాను. మంచి శిష్యురాలిని ప్రోత్సహించాలి కదా అని, "ఆయండి" అన్నాను.

"ఆయ్, ఉంట్ డీ...?" అని ఆవిడ చెయ్యి చాపి, ఇంకేదో చెబుతానన్నట్టు నా వైపు చూస్తూ ఉన్నారు.

"ఆయండి, ఆయండి. సరిగ్గా అన్నారు" అన్నాను.

ఆవిడ ఇంకాస్సేపు చూసి, లేచి వెళ్లి, అప్పుడే గంప కింద నుంచి తీసిన కోడిగుడ్డు ఒకటి తెచ్చి నా అరచేతిలో పెట్టారు.

మీరైతే ఏం చేసేవారో నాకు తెలియదు. నేను మాత్రం పండితుణ్ణి కాబట్టి కారణం ఆలోచించాను. మనం విద్యారంభం చేస్తే కొబ్బరికాయ, తాంబూలం ఇస్తాం. పాపం వాళ్ల దేశంలో కొబ్బరికాయ లేదు. పైన పెంకు, లోపల నీళ్లు, తెలుపు, ఇన్ని పోలికలున్న వస్తువు ఆవిడకి ఇంకెక్కడ దొరుకుతుంది? అంతగా ఆలోచించేసరికి అది నాకే సబబుగా కనిపించింది. అయినా వద్దని చెప్పడం మర్యాద.

"అబ్బే, ఎందుకండి, ఆయ్, మీ అభిమానం చాలండి" అన్నాను.

ఆవిడ లోపలికి వెళ్లి రెండోది తెచ్చారు.

మర్యాద చేసినకొద్దీ గుడ్లు పెరుగుతున్నాయని గమనించి, మూడో మాట మాట్లాడకుండా దర్భాసనం చుట్టుకుని బయలుదేరాను. రెండిటినీ ఉత్తరీయం కొసన కట్టి, ఆ కొసని ఒంటికి తగలనివ్వకుండా చేతికర్రకి వేలాడదీసుకుని రేవు దాకా నడిచాను. రేవులో పడవ దాటించే వెంకన్న చూశాడు.

"ఏటండీ బాబుగారూ ఆ మూట?"

"దొరసానిగారు ఇచ్చేరు. నీకు పనికొస్తాయేమో చూడు."

వాడు విప్పి చూసి, గుడ్లకీ నాకూ కలిపి దణ్ణం పెట్టాడు. "మా పిల్లలు తింటారండి. సల్లగా ఉండండి బాబూ."

అక్కడికి ఆ గొడవ తీరిపోయిందనుకున్నాను. రోజూ వెళ్లేవాణ్ణి. రోజూ ఆవిడ ఏదో చెప్పేవారు, నేను ఆయ్ అనేవాణ్ణి, గుడ్డు వచ్చేది. ఉత్సాహంగా ఉన్న రోజు నాలుగు వచ్చేవి. ఒంట్లో బాగోక తక్కువ మాట్లాడిన రోజు ఒకటే. అన్నీ వెంకన్న పడవలోకి వెళ్లేవి. వాడి పిల్లలు నా మర్యాద తిని బొద్దుగా తయారయ్యారు.

పాఠాలు మాత్రం బ్రహ్మాండంగా సాగాయి. నేను సూత్రాలు చెప్పమంటే ఆవిడ చెంచా, ముళ్ల గరిటె, చాకు తెచ్చి అరుగు మీద పెట్టారు. చెంచా ముందు 'డేర్' అనాలట, అది మగవాడు. ముళ్ల గరిటె ముందు 'డీ' అనాలట, అది ఆడది. చాకు ముందు 'దాస్', అది ఎటూ కాదు. రెండు వస్తువుల మధ్య 'ఉంట్' అంటే, ఇదీ అదీ అని. ఇంకెవరైనా అయితే పారిపోయేవారు. నాకు మాత్రం ప్రాణం లేచొచ్చింది. భార్య అనడానికి ఒక పుంలింగం, ఒక స్త్రీలింగం, ఒక నపుంసకలింగం పెట్టుకున్న సంస్కృతం చదివినవాణ్ణి నేను. ముళ్ల గరిటె ఆడదంటే భయపడతానా?

అయితే ఒక తేడా ఉంది. దాన్ని ఆనాడు చూశాను గానీ తెలుసుకోలేదు. నాకు పక్కాగా వస్తే తప్ప ఒక్క మాట కూడా పైకి అనేవాణ్ణి కాను. తప్పు పలికితే ఎక్కడినుంచో ఒక చెయ్యి వచ్చి నా ఎడమ చెవి పట్టుకుంటుందని భయం. ఆవిడకి ఆ భయమే లేదు. పాలు పోసే మనిషితో, "నాకు ఆకులు వేస్తోంది" అనేవారు. ఆకలి అనబోయి. వాన పడుతుంటే, "గోడ తెండి, గోడ తెండి" అని కేకేసేవారు. గొడుగు అనబోయి. వాళ్లు పడీపడీ నవ్వితే ఆవిడ కూడా వాళ్లతో నవ్వి, మర్నాడు ఆ మాట సరిగ్గా అనేవారు. చేతికి దొరికిన ప్రతి వస్తువూ ఎత్తి చూపించి, "ఇది ఏమి?" అని అడిగేవారు. నాకూ ఆ ప్రశ్న నేర్పారు. "వాస్ ఇస్ట్ దాస్?" నేను దాన్ని స్వరంతో సహా వల్లె వేశాను. ఎవరినీ అడగలేదు. అడిగితే నాకు రాదని తెలిసిపోతుంది కదా.

ఒకసారి ఒక మాట తప్పు పలికి, అలవాటుకొద్దీ చేత్తో చెవి కప్పుకున్నాను. ఆవిడ ఎందుకని సైగ చేశారు. చెవి మెలిపెట్టడం అభినయించి చూపించాను. ఆవిడ మొహం చిన్నబోయింది. "ఇక్కడ లేదు" అన్నారు తెలుగులో. "ఇక్కడ లాంగ్‌జామ్." ఆ రెండు ముక్కలకి నా కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ఏం చెయ్యాలో తోచక, "ఆయ్" అన్నాను. ఆవిడ నిట్టూర్చి లేచి గుడ్డు తెచ్చారు.

ఎండలు ముదిరాయి. కోళ్లు గుడ్లు పెట్టడం తగ్గించాయి. నేను ఆయ్ అన్నప్పుడు ఆవిడ ఒక్క క్షణం తటపటాయించి, తర్వాత లోపలికి వెళ్లి ఎలాగో ఒకటి తెచ్చి ఇచ్చేవారు. అది చూసి కూడా నేనేమీ అడగలేదు.

ఈలోగా వెంకన్న ఊరికే ఉండలేదు. వాడిది కృతజ్ఞత తెలిసిన గుండె. పడవెక్కిన ప్రతివాడికీ నన్ను పొగిడేవాడు. "మా సిన్నయ్యగారు దొరసానమ్మని అడిగి అడిగి గుడ్లు అట్టుకొత్తారండి. అలాంటోరు ఎక్కడుంటారండి." ఆ పొగడ్త పడవలు మారి మారి, కాలవలు దాటి, రాజోలు చేరింది. చేరేసరికి అందులో చివరి సంగతి, అంటే ఆ గుడ్లు తినేది వెంకన్న పిల్లలన్న సంగతి, దార్లో ఎక్కడో జారిపోయింది.

చైత్రంలో ఒకరోజు పొద్దున్నే కాబోయే మామగారు మా అరుగు మీద ప్రత్యక్షమయ్యారు. ఆయన మహా నిష్ఠాపరులు. ఎవరి గాలైనా తగిలితే మళ్లీ స్నానం చేసే మనిషి. మాట మాత్రం వెన్నపూస. నాన్నగారు పాలిపోయి నన్ను పిలిచారు.

"ఏరా, బావగారు వచ్చేరు. ఆయన చెవిని ఏదో పడిందట. అడుగుతారు, చెప్పు."

"అబ్బాయిగారూ," అన్నారు మామగారు, "మీరు ఏటి అవతల ఆ... తెల్లటిది... గుండ్రటిది... పుచ్చుకుంటున్నారని విన్నానండి." ఆ మాట నోటితో అనడం కూడా ఆయనకి మైలే.

"పుచ్చుకుంటున్న మాట నిజమేనండి."

నాన్నగారు కళ్లు మూసుకున్నారు.

"తినడం మాత్రం లేదండి. వెంకన్నకిచ్చేస్తున్నాను."

"ఆయ్. తినని వస్తువుని రోజూ ఎందుకు పుచ్చుకుంటారండి మరి?"

"కొబ్బరికాయకి బదులు అనుకున్నానండి."

ఈ జవాబు నాకు నాలుగు నెలలుగా సబబుగా కనిపిస్తూ వచ్చింది. పైకి అన్న మరుక్షణం అందులో ఏదో లోటున్నట్టు తోచింది. మామగారు చూరు వంక చూస్తూ అన్నారు.

"అడిగి మరీ పుచ్చుకుంటున్నారని ఆ పడవవాడు చెప్పేడటండి."

"నేనెన్నడూ అడగలేదండి."

"చూడండి అబ్బాయిగారూ, నేను మిమ్మల్ని అబద్ధికులనడం లేదండి. కానీ ఈ మాట మా ఊరంతా పాకిపోయింది. ఆవిడ నోటివెంట, 'అడగలేదు, తినలేదు' అని నేను వింటే, పెళ్లి పెళ్లే. లేదంటే మా అమ్మాయిని ఇవ్వలేనండి. మీ ఊరివాళ్లు వెలి వేస్తే మీ నాన్నగారిని రేపు ఎవరు పిలుస్తారండి కార్యాలకి?"

నాన్నగారు నా వైపు తిరిగి, "నీకు ఆ భాష వచ్చు కదరా. మా ముందర అడుగు" అన్నారు. ఆయన గొంతులో కోపం లేదు. కోపం ఉంటే బాగుండేదనిపించింది. ఇన్నాళ్లూ గొప్పగా చెప్పుకున్న విద్య, ఇప్పుడు నిజంగా రావలసి వచ్చింది.

ముగ్గురం పడవెక్కాం. వెంకన్న మమ్మల్ని చూసి సంబరపడిపోయాడు.

"ఇయ్యాల ముగ్గురెల్తన్నారు. బుట్ట తేవాల్సిందండి బాబూ."

మామగారు ఏటి నీళ్ల వంక చూస్తూ కూర్చున్నారు.

పాదిరిగారు ఊళ్లో లేరు. దొరసానిగారు ఒక్కరే కోళ్లకి నూకలు చల్లుతున్నారు. మమ్మల్ని చూసి ఆవిడ మొహం విప్పారింది. నాలుగు నెలలుగా ఆ అరుగు మీదికి నేను తప్ప ఇంకొక మనిషి వచ్చి కూర్చోలేదు.

"నమస్కారం. రండి. కూర్చోండి" అన్నారు చక్కటి తెలుగులో. అది నేను నేర్పిన తెలుగే. ఆ సంగతి ఆ సమయంలో ఎవరూ గమనించలేదు.

"ఆయ్" అన్నారు మామగారు, నిలబడే.

దొరసానిగారు ఆయన వైపు తిరిగి చూశారు.

నేను గొంతు సర్దుకున్నాను. అడగవలసింది చిన్న ప్రశ్న. 'నేనెప్పుడైనా గుడ్డు అడిగానా?' తీరా నోరు తెరిచాక తెలిసింది, గుడ్డుకి జర్మనులో ఏమంటారో నాకు తెలియదు. చెంచా వచ్చు, చాకు వచ్చు, వాటి లింగాలతో సహా వచ్చు. రోజూ చేతిలో పెట్టించుకున్న వస్తువు పేరు రాదు. చేసేదిలేక, "కోడి యొక్క తెల్లని బిడ్డ, తలుపు లేని ఇంటిలో ఉన్నది, దానిని నేను మిమ్ములను అడిగితినా?" అన్న అర్థం వచ్చేట్టు జర్మనులో కూడబలుక్కుని అన్నాను.

ఆవిడ అయోమయంగా పెరట్లోకి చూశారు. అక్కడ తెల్లటి కోడిపిల్ల ఏదీ లేదు.

"ఏమంటున్నారండి ఆవిడ?" అన్నారు మామగారు.

"ఇంకా ఏమీ అనలేదండి."

"ఆయ్."

ఆవిడ మళ్లీ మామగారి వైపు చూశారు. ఈసారి ఆవిడ మొహంలో కాస్త కంగారు కనబడింది.

"తొందరేం లేదండి, ఆయ్, నిదానంగానే చెప్పమనండి" అన్నారు నాన్నగారు, ఎక్కడ వ్యవహారం చెడుతుందోనని.

"ఆయండి, నిదానంగానే" అన్నారు మామగారు.

"ఆయండి" అన్నాడు మెట్ల దగ్గర నిలబడ్డ వెంకన్న, పెద్దల మాట కాదనడం ఇష్టం లేక.

దొరసానిగారు మా అందరినీ ఒక్కసారి కలయజూసి, వేళ్ల మీద ఏదో లెక్కపెట్టుకుని, "ఆకలి ఉన్నారా? అయ్యో" అని గబగబా లోపలికి వెళ్లారు. తిరిగి వచ్చేటప్పుడు చేతిలో బుట్ట ఉంది. ఎవరైనా ఆదరంగా ఏదైనా ఇవ్వబోతుంటే మనవాళ్లు రెండు చేతులూ దోసిలి పడతారు. అది చేతుల అలవాటు, బుద్ధికి దానితో సంబంధం లేదు. మామగారూ పట్టారు.

"ఆయ్" అని కూడా అన్నారు.

ఆయన దోసిట్లో కోడిగుడ్డు పడింది. నాన్నగారి దోసిట్లో ఒకటి పడింది. వెంకన్న అందరికన్నా ముందుకొచ్చి పట్టాడు.

జన్మలో ఎన్నడూ తాకని వస్తువు చేతిలోకొచ్చాక పారెయ్యాలో, పట్టుకోవాలో, పారేస్తే పగిలి మీద చిందుతుందో తెలియక ఆ ఇద్దరు పెద్దమనుషులూ దేవుడి విగ్రహాల్లా అలాగే నిలబడిపోయారు. నాకు మాత్రం అప్పుడు ఎందుకో భయం పోయింది. పోవలసిందంతా పోయింది, ఇక తప్పు పలికితే మాత్రం ఏమైంది అనిపించింది. మామగారి దోసిలి వైపు వేలు చూపించి, నాలుగు నెలల కిందట మొదటి రోజే అడగవలసిన ప్రశ్న అడిగాను.

"వాస్ ఇస్ట్ దాస్?"

దొరసానిగారు నన్ను వింతగా చూశారు. ఎవరైనా తన పేరు తనే మరిచిపోతే చూసే చూపది.

"దాస్?" అన్నారు. "ఆయ్."

"ఆయ్" అన్నారు మామగారు, పాపం, అలవాటుగా.

ఆవిడ బుట్టలోంచి ఇంకొకటి తీసి ఆయన దోసిట్లో పెట్టారు.

అప్పుడు అర్థమైంది. జర్మను భాషలో కోడిగుడ్డుని 'ఆయ్' అంటారు. ఆవిడ మొదటి రోజు అడిగింది, ఏమైనా తిని వచ్చావా అని. నేను, "గుడ్డు" అన్నాను. "గుడ్డా?" అంటే, "ఆయండి" అన్నాను. 'అండి' ఆవిడ చెవికి 'ఉంట్ డీ' అని వినపడింది. అంటే, గుడ్డూ, ఇంకా అదీ... అని. ఆ రెండోది ఏమిటో నేను చెబుతానని ఆవిడ నాలుగు నెలలు ఎదురుచూశారు. సిగ్గుపడి ఆగిపోతున్నాననుకున్నారు. మరి ఇన్నాళ్లూ ఈ మాట ఎందుకు నేర్పలేదని వచ్చీరాని జర్మనులో అడిగితే, వచ్చీరాని తెలుగులో ఆవిడ చెప్పిన జవాబు నేను చచ్చేదాకా మరిచిపోను.

"మీకు మొదటి రోజు నుండి వచ్చిన మాట అది ఒకటే. ఎందుకు నేర్పాలి?"

నేను నవ్వడం మొదలుపెట్టాను. ఆపుకోలేక అరుగు మీద కూలబడ్డాను. నవ్వుతూనే నాన్నగారికీ మామగారికీ సంగతంతా చెప్పాను. మామగారు నవ్వలేదు. రెండు గుడ్లనీ గుండెకి దూరంగా పట్టుకుని ఆలోచిస్తున్నారు. వెంకన్న మురిసిపోతూ అన్నాడు.

"పెద్దయ్యగారికి రెండు ఇచ్చేరండి. రాజోల్లో మా బావకి ఇయ్యాలే కబురెడతానండి, ఆడెంత సంతోసిత్తాడో."

మామగారు ఉలిక్కిపడ్డారు. ఒక పొగడ్త ఏరు దాటి ఎంత దూరం వెళుతుందో, దారిలో ఏం జార్చుకుంటుందో ఆయనకి తెలుసు.

"వెంకన్నా," అన్నారు గొంతు తగ్గించి, "ఇవి కూడా నువ్వే పుచ్చుకో. ఎవరికీ కబురు పెట్టకు. అబ్బాయిగారి తప్పేమీ లేదండీ బావగారూ. అడగడమంటే మనందరం అడిగేం."

ఇక్కడితో కథ ఆపేస్తే బాగుండేది. కానీ దొరసానిగారు ఊరుకోలేదు. వెంకన్న చేతిలోకి వెళ్లిన గుడ్లని చూసి, నన్ను అడిగారు, నువ్వు తినవా అని.

"నైన్" అన్నాను.

"ఒకటి? ఒకటి కూడా?"

"నైన్."

ఆవిడ నెమ్మదిగా మెట్టు మీద కూర్చున్నారు. ఎండల్లో కోళ్లు సరిగా పెట్టని రోజుల్లో ఆవిడ తన వంతు నాకిచ్చి, తను తినకుండా ఊరుకునేవారట. ఈ సంగతి ఆవిడ చెప్పలేదు, తర్వాత పాదిరిగారు చెప్పారు. పరాయి ఊళ్లో, బక్కచిక్కిన కుర్రాడొకడు రోజూ సిగ్గు విడిచి తిండి అడుగుతున్నాడని, తను తప్ప వాడికి పెట్టేవాళ్లు లేరని అనుకున్నారట. ఆ రోజు ఆవిడ మొహం చూస్తేనే నాకు సంగతి సగం అర్థమైంది. ఇన్నాళ్లూ నా మీద చూపించిన దయని చేతికర్రకి వేలాడదీసుకుని తిరిగానే అని సిగ్గేసింది. క్షమించమనడానికి జర్మను మాట నాకు రాదు. కిందటి రోజైతే ఊరుకునేవాణ్ణి. ఆ రోజు మాత్రం, మనసు నొప్పించినప్పుడు మీ భాషలో ఏమంటారు అని అడిగాను. ఆవిడ చెప్పారు. తప్పు పలికాను. మళ్లీ చెప్పారు. మళ్లీ తప్పే పలికాను. మూడోసారికి ఆవిడ నవ్వేశారు.

"లాంగ్‌జామ్" అన్నారు.

నాకు జర్మను నిజంగా రావడం ఆ రోజే మొదలైంది. పెళ్లయ్యాక కూడా రెండేళ్లు వెళ్లాను. అడగకూడనివన్నీ అడిగాను, పలకకూడనట్టు పలికాను, ఇద్దరం నవ్వుకున్నాం. ఎడమ చెవి కూడా ఎక్కడున్నది అక్కడే క్షేమంగా ఉంది.

తిరుగు పడవలో, ముగ్గురం తలలు తడుపుకుని వస్తుండగా మామగారు మెల్లగా అడిగారు.

"అబ్బాయిగారూ, వాళ్ల భాషలో అవునంటే ఏమంటారండి?"

"యా అంటారండి."

"యా," అని రెండుసార్లు అనుకుని చూసుకున్నారు. "అదీ మర్యాదగానే ఉందండి." అటు తర్వాత బతికినన్నాళ్లూ ఆయన ఆయ్ అనే ముందు ఒకసారి తన అరచేతుల వంక చూసుకునేవారు.

కాబట్టి చదువరులారా, గోదావరి సాక్షిగా, నా పిలక సాక్షిగా ఇందుమూలంగా శపథం చేస్తున్నాను. ఎవరు ఏ భాషలో ఏమడిగినా, ముందు అదేమిటని అడిగి, అర్థం తెలుసుకుని, ఆ తర్వాతే తప్ప ఈ జన్మలో ఎన్నడూ ఎవరి ముందూ ఆయ్ అనను.

ఈ వాక్యం రాస్తుండగానే వంటింట్లోంచి మా ఆవిడ ఏదో అడిగింది. సరిగ్గా వినపడలేదు. ఆయ్ అన్నాను. ఏం తెస్తుందో చూడాలి.